ఎమ్మెస్సీ నర్సింగ్

నర్సింగ్ పట్టభద్రులై, కనీసము ఒక సంవత్సరపు అనుభవము గడించినవారు పిమ్మట రెండేండ్లపాటు అభ్యసించెడి స్నాతకోత్తర విద్యయే ఎమ్మెస్సీ నర్సింగ్; నర్సులకు నేర్పెడి నర్సును తీర్చిదిద్దునది ఇదియే. తెలంగాణలో ఈ పట్టమును వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయము ప్రదానము చేయుచున్నది. ప్రసూతి, శిశుసేవ, మానసికారోగ్యము మొదలైన శాఖలలో ఒకదానియందు ప్రావీణ్యము సంపాదించుటతోపాటు, మొదటి యేట బోధనాశాస్త్రమును సైతము చదువవలెను. పాఠ్యప్రణాళిక వ్రాసికొని, బొమ్మచేతిపై సూది గ్రుచ్చు విధము చూపి, తొలిసారి సిరంజి పట్టిన విద్యార్థిని వణకెడి వ్రేళ్లను ఓర్పుతో సవరించుట అందలి భాగమే. నా మట్టుకు అదియే ఆ చదువునకు ప్రాణము. 2018లో ప్రభుత్వ వైద్య కళాశాల వెలసిన సిద్దిపేట వంటి పట్టణములకు వైద్యాచార్యులెంత అవసరమో, ఇట్టి గురువులును అంతే అవసరము. బీయస్సీతో ట్యూటరు కావచ్చును గాని, అసిస్టెంట్ ప్రొఫెసరు పదవికి ఎమ్మెస్సీ తప్పనిసరి.