సబ్బు ఉడికేది అచ్చులోనే

పాలస్తీనాలోని నాబ్లస్ పట్టణంలో సబ్బుకు అచ్చు ఒక గది నేల. ఆలివ్ నూనె, నీళ్లు, క్షారం కలిపి పెద్ద కాగులో రోజుల తరబడి ఉడికిస్తారు. ఆ వేడి ముద్దను మేడ మీదికి మోసుకెళ్లి విశాలమైన నేలంతా పరిచి చదును చేస్తారు. గట్టిపడ్డాక గీతలు కొట్టి, వాటి వెంబడి కోసి, ఒక్కో ముక్కమీద ముద్ర వేసి, గాలి ఆడేలా గోపురాల్లా పేర్చి ఆరబెడతారు. ఈ పనితనాన్ని 2024 డిసెంబరులో యునెస్కో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇంట్లో సబ్బు చేసుకునేవాళ్లకు అంత నేలా అక్కర్లేదు, అన్ని రోజులు ఉడికించే పనీ లేదు. కాస్టిక్ సోడా కరిగించిన నీళ్లను నూనెల్లో పోసి, గరిటెజారుగా చిక్కబడేదాకా చిలికి అచ్చులో పోస్తే చాలు. దీన్ని కోల్డ్ ప్రాసెస్ అంటారు. రెండు పద్ధతులకూ అసలు తేడా అచ్చు దగ్గరే ఉంది. నాబ్లస్‌లో నేలమీదికి చేరేసరికే అది సబ్బు. కోల్డ్ ప్రాసెస్‌లో అచ్చులో పడేది ఇంకా సబ్బు కాని మిశ్రమం. అందులో క్షారం ఘాటు అలాగే ఉంటుంది. నూనె సబ్బుగా మారేటప్పుడు పుట్టే వేడికి మధ్యభాగం ఒక్కోసారి 70 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. మొదటి రోజంతా అచ్చే వంటగిన్నె అన్నమాట. కాబట్టి గుండ్రంగా ఉండాలా, పువ్వులా ఉండాలా అని ఆలోచించే ముందు చూడాల్సినవి రెండున్నాయి: అచ్చు క్షారానికి తట్టుకుంటుందా, వేడిని ఎంతసేపు పట్టి ఉంచుతుంది?

ఏవి పనికొస్తాయి, ఏవి రావు

మొదట పక్కన పెట్టాల్సింది అల్యూమినియం. ఇళ్లలో సత్తు గిన్నెలు, సిల్వర్ గిన్నెలు అని వాడేవి ఇవే. కాస్టిక్ సోడా తగిలితే ఈ లోహం కరిగిపోతూ హైడ్రోజన్‌ను వదులుతుంది. అది మండే వాయువు. గిన్నె పాడవడమే కాదు, పక్కన పొయ్యి వెలుగుతుంటే ప్రమాదం కూడా. కేకు టిన్నులు, ఫాయిల్ ట్రేలు చాలావరకు అల్యూమినియంవే. స్టీలుకు, గాజుకు క్షారంతో పేచీ లేదు గానీ, సబ్బు గోడలకు పట్టేసి ఊడిరాదు. లోపల కాగితం పరిస్తే తప్ప వాటితో పని జరగదు.

ప్లాస్టిక్ డబ్బా అయితే తిరగేసి అడుగున త్రికోణంలో ఉన్న అంకె చూడాలి. 5 అని ఉంటే పాలీప్రొపిలీన్, 2 అని ఉంటే హెచ్‌డీపీఈ. రెండూ క్షారానికి, సబ్బు వేడికి తట్టుకుంటాయి. నీళ్ల సీసాల మీద కనిపించే 1 అంకె ప్లాస్టిక్ మాత్రం ఆ వేడికి మెత్తబడి వంకర తిరుగుతుంది. జ్యూస్ వచ్చే అట్టపెట్టె ఒక్కసారికి చక్కగా పనికొస్తుంది. సబ్బు గట్టిపడ్డాక పెట్టెను చింపి పారేయొచ్చు. అయితే చాలా పెట్టెల్లో లోపలి పాలిథీన్ పొర వెనకే సన్నటి అల్యూమినియం రేకు ఉంటుంది. కాబట్టి కడిగేటప్పుడు ఆ పొర గీసుకుపోకూడదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు సులువైనది సిలికాన్ అచ్చు. కాగితం పరచక్కర్లేదు, వెనక్కి మడిచి వేలితో నొక్కితే సబ్బు బయటికొస్తుంది. ఇబ్బందులూ ఉన్నాయి. పొడవాటి సిలికాన్ అచ్చును నిండా పోస్తే బరువుకు పక్కలు ఉబ్బి, సబ్బు నడుము లావుగా వస్తుంది. రెండువైపులా ఇటుకలు ఆనించి పెడితే సరిపోతుంది. గాలి తగలదు కాబట్టి తడి త్వరగా ఆరదు. తొందరపడి తీస్తే మూలలు అచ్చుకే అంటుకుపోతాయి. రెండు మూడు రోజులు ఆగడం, లేదా తీసే ముందు కొన్ని గంటలు డీప్ ఫ్రీజర్‌లో ఉంచడం మేలు.

నూనెను బట్టి అచ్చు

చెక్కపెట్టె వేడిని బయటికి పోనివ్వదు. సబ్బు మొత్తం వేడెక్కి, పారదర్శకమైన జెల్‌లా మారి, రంగు నిండుగా తేలుతుంది. చిన్న చిన్న గుంటలున్న అచ్చుల్లో ముక్క త్వరగా చల్లారిపోతుంది కాబట్టి రంగు పాలిపోయినట్టు ఉంటుంది. ఇది లోపం కాదు. మేకపాలతో చేసే సబ్బు వేడెక్కితే పాలలోని చక్కెర మాడి గోధుమరంగుకు తిరుగుతుంది. దానికి చిన్న గుంటల అచ్చే మంచిది.

కోనసీమలాంటి చోట కొబ్బరినూనె చేతికందేదే. అచ్చంగా కొబ్బరినూనెతోనే సబ్బు చేస్తే అది చాలా త్వరగా బిగుసుకుంటుంది. పెట్టెలో పోసి మర్నాటిదాకా వదిలేస్తే కత్తి పెట్టగానే పెళుసుగా విరుగుతుంది. ఉప్పు కలిపిన సబ్బుదీ అదే తీరు. వీటికి కోసే పని లేని విడి గుంటలే శ్రేయస్కరం. ఆలివ్ నూనె సబ్బు నిదానంగా గట్టిపడుతుంది కాబట్టి పెట్టెలో తాపీగా ఉంచొచ్చు.

చెక్కపెట్టె చేసుకుంటే

దీనికి పెద్ద వడ్రంగం రానక్కర్లేదు. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో ఐదు ముక్కలు కోయించుకోవాలి: అడుగుకు 25 సెంటీమీటర్ల పొడవు, 8 వెడల్పు ఉన్నది ఒకటి, పొడవు పక్కలకు 25, 9 కొలతలవి రెండు, చివరలకు 10.4, 9 కొలతలవి రెండు. మూడు పక్కలను ఫెవికాల్ పెట్టి స్క్రూలతో బిగించి, ఒక పొడవు పక్కను మాత్రం జిగురు లేకుండా స్క్రూలతోనే పెట్టాలి. ఆ స్క్రూలు విప్పితే సబ్బు దిమ్మ దెబ్బతినకుండా బయటికి జారుతుంది.

ఈ పెట్టెలో 6.5 సెంటీమీటర్ల ఎత్తుకు పోయాలంటే ఎంత నూనె కావాలి? లోపలి పొడవు, వెడల్పు, ఎత్తు హెచ్చవేస్తే 1,300 ఘన సెంటీమీటర్లు. దాన్ని 0.69తో హెచ్చవేస్తే సుమారు 900 గ్రాములు. ఇది నూనెల బరువు మాత్రమే. నీళ్లు, కాస్టిక్ సోడా చేరాక మిశ్రమం ఆ ఎత్తుకు వస్తుంది. ఏ అచ్చుకైనా ఈ లెక్కే వాడొచ్చు. గుండ్రని అచ్చయితే నీళ్లు పోసి కొలిస్తే ఘనపరిమాణం తెలుస్తుంది. తర్వాత ఆ నీళ్లు పూర్తిగా తుడవాలి.

చెక్కకు పచ్చి సబ్బు నేరుగా తగలకూడదు. బేకింగ్‌కు వాడే బటర్ పేపర్‌ను రెండు పట్టీలుగా కోసి, ఒకటి పొడవునా, ఒకటి అడ్డంగా పరవాలి. మూలల దగ్గర గోటితో గట్టిగా మడత నొక్కి, అంచులు పెట్టె బయటికి మడిచి టేపు వేయాలి. ఇక్కడ కాగితం ముడత పడితే సబ్బు మీదా అదే ముడత పడుతుంది. అంటుకోకుండా నూనె రాద్దామంటే కొబ్బరినూనె, నువ్వుల నూనె పనికిరావు. అవీ క్షారంతో కలిసి సబ్బయిపోతాయి. పెట్రోలియం జెల్లీ అలా మారదు.

పోసిన వెంటనే పైన మూత గానీ అట్ట గానీ కప్పితే, గాలి తగిలి పైన తెల్లటి పొడి తేలడం తగ్గుతుంది. మామూలు మిశ్రమమైతే ఒకటి రెండు రోజుల్లో దిమ్మను తీసి, చేతి తొడుగులు వేసుకుని రెండున్నర సెంటీమీటర్ల మందాన కోస్తే పది సబ్బులు వస్తాయి. వాటిని నాలుగు నుంచి ఆరు వారాలు గాలి ఆడే అరలో ఉంచాలి. పెట్టె మీద మార్కర్‌తో ‘నూనె 900 గ్రాములు, సబ్బుకు మాత్రమే’ అని రాసి పెడితే వచ్చేసారి లెక్క వెతుక్కోనక్కర్లేదు. సబ్బుకు వాడిన సిలికాన్ అచ్చులను కూడా మళ్లీ కేకులకు వాడకుండా వేరే అరలో పెట్టాలి.