కోను, చిలప, కండె

మిల్లులో వడికిన నూలు నేరుగా మగ్గం ఎక్కదు. రింగ్ ఫ్రేమ్ మీద అది ముందు సన్నటి గొట్టానికి చుట్టుకుంటుంది. మిల్లుల్లో దాన్ని కాప్ అంటారు. 40వ నంబరు నూలైతే 50 గ్రాముల కాప్‌లో సుమారు 3.4 కిలోమీటర్ల దారం ఉంటుంది. నిమిషానికి వెయ్యి మీటర్లకు పైగా లాగే చుట్టుడు యంత్రం ముందు అది మూడు నిమిషాల సరుకు. అందుకే ముప్పై కాప్‌ల దారాన్ని కలిపి ఒక్క కోనుకు ఎక్కిస్తారు. కిలోన్నర కోనులో 100 కిలోమీటర్ల దారం ఇమిడిపోతుంది!

ఇది ఊరికే ఒక గొట్టం నుంచి మరో గొట్టానికి మార్చే పని కాదు. దారం పరుగెత్తుతుండగానే యంత్రంలోని సెన్సర్ దాని మందాన్ని చూస్తుంటుంది. ఉండ కట్టినచోట, మరీ పలచబడినచోట కత్తిరిస్తుంది. పూర్వం తెగిన కొసలను ముడి వేసేవారు. ఇప్పుడు గాలి ఒత్తిడితో రెండు కొసల పోగులను విప్పి, ఒకదానిలో ఒకటి కలిపి పురి పెడుతున్నారు. ముడి లేదు కాబట్టి అల్లిక సూదిలోనూ, మగ్గం పన్నెలోనూ చిక్కుకోదు.

కోనుకు ఆ ఏటవాలు ఆకారం అందం కోసం పెట్టింది కాదు. కోను కదలకుండా నిలబడి ఉంటుంది, దారం పైకొస నుంచి ఊడి వస్తుంది. పక్కలు ఏటవాలుగా ఉండటంతో కింది చుట్లకు రాసుకోకుండా తేలిగ్గా లేస్తుంది. గొట్టం తిరగాల్సిన పనే లేదు కనుక ఎంత వేగంగానైనా లాగవచ్చు. రంగు వేయాల్సిన నూలును మాత్రం చిల్లుల గొట్టం మీద వదులుగా చుడతారు. బిగిస్తే లోపలి పొరలకు రంగు చేరదు, నూలు మచ్చలు పడుతుంది.

చేనేతకు కావలసింది చిలప. గొట్టం ఏమీ లేకుండా వలయంగా చుట్టి కట్టిన నూలు అది. తొట్టెలో ముంచితే ప్రతి పోగుకూ రంగు, గంజి అందుతాయి. ఇంటి పెరట్లోనే ఆరబెట్టుకోవచ్చు. 840 గజాల పొడవు ఒక చిలప లెక్క. పౌను బరువులో అలాంటివి 40 తూగితే అది 40వ నంబరు, 80 తూగితే 80వ నంబరు. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది.

మిల్లుకు కోనే సులువు. చిలప చుట్టాలంటే అదనపు పని, అదనపు ఖర్చు. వదిలేస్తే చేనేతకు నూలు దొరకదని కేంద్ర ప్రభుత్వం ఒక నిబంధన పెట్టింది. దేశంలో అమ్మకానికి ప్యాక్ చేసే నూలులో కొంత వాటా చిలపల రూపంలోనే ఉండాలి. 40 శాతంగా ఉన్న ఆ వాటాను 2019లో 30 శాతానికి తగ్గించారు.

చిలప ఇంటికి చేరాక మళ్లీ చుట్టుడే. పడుగు కోసం బాబిన్లకు, పేక కోసం నాడెలో ఇమిడే కండెలకు రాట్నం తిప్పుతూ ఎక్కించాలి. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదీ, వయసు మళ్లినవాళ్లదీ. పోచంపల్లి చీరకైతే ఆసు పోయడం అదనం: మేకుల చుట్టూ ఒక్కో పోగూ తిప్పుతూ వేలసార్లు చేయి ఆడించాలి. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆసుకు యంత్రం వచ్చింది గానీ, కండెల పనికి చాలా ఇళ్లలో ఇప్పటికీ విడిగా కూలి లేదు; నేత కూలిలోనే కలిసిపోతోంది. చీర ధర కట్టేటప్పుడు సహకార సంఘాలు, వ్యాపారులు ఆ కూలిని వేరే పద్దుగా రాసి, చుట్టిన చేతికే ఇవ్వాలి.