కెమెరా కటకమును కదలించు సాధనము – దాని పేటెంటు పరీక్ష

మానవుని కంటికి ఒక గొప్ప సౌకర్యము కలదు. చేతిలోని పుస్తకమును చూచినను, సముద్రముపై దూరమున నిలిచిన ఓడను చూచినను, కంటిలోని కటకము తన స్థానమును వదలదు. దాని చుట్టునున్న కండరములు దాని వంపును మార్చును. అందువలన నాభ్యంతరము మారి, ప్రతిబింబము ఎల్లప్పుడును రెటీనా పైననే పడును. సామాన్యమైన కెమెరా కటకమునకు ఈ శక్తి లేదు. దాని వంపు మారదు. కనుక కటకమునే ముందునకో వెనుకకో జరుపవలెను. ఈ పని చేయు చిన్న సాధనమును ఇంజనీర్లు ఆక్చుయేటరు అందురు. మనము దానిని కటక చాలకము అనవచ్చును.

కటకమును ఎంత దూరము జరుపవలెను? పదవ తరగతి కటక సూత్రమే దీనికి సమాధానము చెప్పును. చేతి ఫోనులోని కెమెరా కటకపు నాభ్యంతరము 4 మిల్లీమీటర్లు అనుకొందము. చాల దూరపు వస్తువు యొక్క ప్రతిబింబము కటకమునకు 4 మి.మీ. దూరమున ఏర్పడును. వస్తువు 1 మీటరు దూరమునకు వచ్చినచో ప్రతిబింబ దూరము 4.016 మి.మీ. అగును. వస్తువు 10 సెంటీమీటర్ల దూరమునకు వచ్చినచో అది 4.167 మి.మీ. అగును. అనగా కటకము కదలవలసిన మొత్తము దూరము మిల్లీమీటరులో ఆరవ వంతు మాత్రమే. ఇంత స్వల్పమైన దూరములో కటకమును సరియైన చోట నిలుపుటయే చాలకము యొక్క పని.

ఫోను కెమెరాలలో ఇందుకు ఎక్కువగా వాడు సాధనము వాయిస్ కాయిల్ మోటారు. లౌడ్ స్పీకరులో శబ్దమును పుట్టించు తీగచుట్ట నుండి దీనికి ఆ పేరు వచ్చినది. కటకమునకు చుట్టును సన్నని రాగితీగ చుట్ట ఉండును. చుట్టకు ఎదురుగా అయస్కాంతములు ఉండును. చుట్టలో విద్యుత్తు ప్రవహించినపుడు, ఫ్లెమింగ్ ఎడమచేతి నిబంధన ననుసరించి, చుట్టపై బలము పనిచేసి కటకము కదలును. పలుచని స్ప్రింగులు దానిని వెనుకకు లాగును. రెండు బలములు సమానమైన చోట కటకము నిలుచును.

ఈ బలము ఎంత? క్షేత్రము 0.2 టెస్లా, తీగ పొడవు అర మీటరు, విద్యుత్ ప్రవాహము 50 మిల్లీఆంపియర్లు అనుకొన్నచో, మూడింటి లబ్ధము 0.005 న్యూటన్లు. కటకము 0.1 గ్రాము ఉన్నచో దాని బరువు సుమారు 0.001 న్యూటను. కనుక బరువును ఎత్తుటకును, స్ప్రింగును వంచుటకును ఈ బలము చాలును.

గదిలో చక్కగా పనిచేయు ఈ సాధనము అన్ని చోట్లను అట్లే పనిచేయునని చెప్పలేము. విశాఖపట్టణమును ఉదాహరణగా తీసికొందము. ఇచ్చటి ఓడరేవు 1933లో ప్రారంభమైనది. ఉక్కు కర్మాగారము 1992లో జాతికి అంకితమైనది. రేవు గాలిలో ఉప్పు ఉండును. ఉక్కును వేడిచేసి సాగదీయు చోట ఇనుప పొలుసులు రాలును. ఆ పొలుసులలో మాగ్నటైటు ఉండును గనుక అయస్కాంతము వాటిని ఆకర్షించును. అట్టి రేణువు ఒకటి చుట్టకును అయస్కాంతమునకును మధ్యనున్న సన్నని సందులో చిక్కినచో కటకము తడబడును. వేడి వలన మరియొక చిక్కు కలదు. సాధారణ రకపు నియోడిమియము అయస్కాంతములు సుమారు 80 డిగ్రీల సెల్సియసుకు మించిన వేడిలో తమ బలమును కోల్పోవచ్చును.

ఈ ఇనుప ధూళి సమస్యకు విశాఖ విద్యార్థి ఒకడు ఉపాయము కనుగొన్నాడని ఊహింతము. చాలకమునకు వెలుపల అతడు మరియొక చిన్న అయస్కాంతపు వలయమును అమర్చెను. ఇనుప రేణువులు లోపలి సందును చేరకమునుపే ఆ వలయమునకు అంటుకొనును. కాని రెండవ అయస్కాంతము మొదటిదాని క్షేత్రమును చెదరగొట్టి బలమును మార్చును. ధ్రువములను ఒక ప్రత్యేకమైన క్రమములో ఉంచి అతడు ఈ దోషమును తొలగించెను. దీనికి పేటెంటు లభించునా?

పేటెంటు అనగా ప్రభుత్వమునకును ఆవిష్కర్తకును జరిగిన ఒక ఒప్పందము వంటిది. ఆవిష్కర్త తన రహస్యమును ఇతరులు కూడ చేయగలుగునంత వివరముగా లోకమునకు తెలుపవలెను. అందుకు బదులుగా, అనుమతి లేక ఇతరులు దానిని తయారుచేయకుండను, అమ్మకుండను ఆపు హక్కు, దరఖాస్తు తేదీ నుండి 20 సంవత్సరముల వరకు అతనికి లభించును. మన దేశములో దీనికి ఆధారము 1970 నాటి పేటెంటుల చట్టము. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాసుల దరఖాస్తులు చెన్నై పేటెంటు కార్యాలయము పరిధిలోనివి.

దరఖాస్తులో అతి ముఖ్యమైన భాగము క్లెయిము. పొలమునకు గట్టు ఎట్టిదో ఆవిష్కరణకు క్లెయిము అట్టిది. హక్కు ఎంతవరకు వ్యాపించునో అదియే నిర్ణయించును. ఎగ్జామినరు పరీక్షించునది ముఖ్యముగా ఈ గట్టునే. అతడు క్లెయిమును భాగములుగా విడదీసి, ఆ భాగములు లోకమునకు ముందే తెలిసినవా అని వెదకును. ఇందుకు అంతర్జాతీయ వర్గీకరణ తోడ్పడును. తనంతట నాభిని సరిచేయు కటకపు అమరికలు జి02బి 7/09 అను సంఖ్య క్రింద ఉండును. తీగచుట్టతో సరళరేఖలో కదలు మోటారులు హెచ్02కె 41/035 క్రింద ఉండును.

మన విద్యార్థి మొదటి క్లెయిములో "తీగచుట్ట, అయస్కాంతము, స్ప్రింగులు గల కటక చాలకము" అని వ్రాసెననుకొందము. ఈ మూడును కలసి ఒకే పూర్వపత్రములో కనిపించును గనుక దానికి నూతనత్వము లేదు. రెండవ క్లెయిములో "దానికి రబ్బరు మూత" అని చేర్చెను. అదే అమరిక ఏ పత్రములోను కనిపించక పోవచ్చును. ఐనను దుమ్ము పడకుండ మూత వేయుట ఏ మెకానికుకైనను తోచు విషయము. ఇచ్చట లోపించినది ఆవిష్కరణా సోపానము. అనగా ఆ విద్యలో నేర్పుగలవానికి సైతము సులభముగా తోచని ముందడుగు.

ఈ భేదమును సుప్రీంకోర్టు 1978లో బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్, హిందుస్తాన్ మెటల్ ఇండస్ట్రీస్ వ్యాజ్యములో విశదపరచెను. లోహపు పాత్రలను లేతుపై నునుపు చేయునపుడు పట్టియుంచు సాధనమునకు పొందిన పేటెంటు అది. తెలిసిన లేతు భాగములకే చేసిన ఆ మార్పు పనివాని మామూలు నేర్పును దాటలేదని న్యాయస్థానము నిర్ణయించెను. పేటెంటు చెల్లలేదు.

మూడవ క్లెయిము ధ్రువముల ప్రత్యేక క్రమమును గూర్చినది. చట్టములోని 3వ సెక్షను ప్రకారము, తెలిసిన వస్తువులను ప్రక్కప్రక్కన చేర్చినపుడు దేని పని అది మునుపటివలెనే చేసికొనుచున్నచో అది ఆవిష్కరణ కాదు. ఇచ్చట రెండు అయస్కాంతములు ఒకదానిపై నొకటి ప్రభావము చూపుచున్నవి. ఆ చిక్కును విప్పిన క్రమము పూర్వపత్రములలో లేదనియు, సులభముగా తోచునది కాదనియు తేలినచో ఈ క్లెయిము నిలుచుటకు అవకాశము కలదు. ధ్రువములను మార్చక ముందును, మార్చిన పిదపను కొలిచిన బలముల పట్టిక అతని వాదమునకు బలము నిచ్చును.

డిజైను అను మాట వలన కొందరు పొరపడుదురు. 2000 నాటి డిజైనుల చట్టము వస్తువు యొక్క కంటికి కనిపించు ఆకారమును, అలంకారమును మాత్రమే రక్షించును. యంత్రము పనిచేయు తీరు దానిలోనికి రాదు. చాలకము యొక్క పనితీరుకు పేటెంటు చట్టమే దారి.

దరఖాస్తు సామాన్యముగా 18 నెలలకు ప్రకటింపబడును. పరీక్ష తనంతట జరుగదు. 2024లో సవరించిన నియమముల ప్రకారము 31 నెలలలోపల దానిని కోరవలెను. ఎగ్జామినరు అభ్యంతరములతో మొదటి నివేదిక వచ్చిన పిదప, సమాధానమునకు 6 నెలల గడువు ఉండును. దరఖాస్తుదారుడు క్లెయిమును కుదించుకొనవచ్చును. కాని మొదట వెల్లడింపని క్రొత్త విషయమును చేర్చరాదు. ప్రకటన జరిగిన పిదప, పేటెంటు ఇచ్చులోపల, ఎవరైనను వ్యతిరేకత తెలుపవచ్చును. తుది నిర్ణయము కంట్రోలరుది. దానిపై హైకోర్టుకు పోవచ్చును.

ఇంత పరిశీలన ఎందుకు? మొదటి క్లెయిము పొరపాటున మంజూరైనచో, ఎల్లరు ఎరిగిన తీగచుట్ట మోటారును తయారుచేయుటకు గాజువాకలోని చిన్న పనివాడు సైతము వేరొకరి అనుమతి కోరవలసి వచ్చును. మూడవ క్లెయిము పొరపాటున త్రోసివేయబడినచో, నిజముగా క్రొత్తది కనుగొన్నవాని శ్రమను ఇతరులు ఉచితముగా కాజేయుదురు. పరీక్ష ఈ రెండు అన్యాయములను ఆపవలెను.

పాఠశాలలకు ఇందులో ఒక హెచ్చరిక కలదు. విద్యార్థి తన పరికరమును విజ్ఞాన ప్రదర్శనలో అందరికి విప్పి చూపినచో, పిదప వేసిన దరఖాస్తుకు ఆ ప్రదర్శనయే పూర్వజ్ఞానముగా అడ్డు రావచ్చును. కేంద్ర ప్రభుత్వము ప్రత్యేకముగా ప్రకటించిన ప్రదర్శనలకు 12 నెలల మినహాయింపు కలదు. సామాన్యమైన పాఠశాల ప్రదర్శనకు అది వర్తించదు. కనుక ముందుగా తాత్కాలిక స్పెసిఫికేషను దాఖలు చేయుట క్షేమము. పూర్తి వివరణ నిచ్చుటకు దాని తరువాత 12 నెలల గడువు ఉండును.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక అభ్యాసము చేయింపవచ్చును. భారత పేటెంటు కార్యాలయము ప్రకటించిన పత్రములను ఇంటర్నెట్టులో ఉచితముగా చదువవచ్చును. ఒక కటక చాలకము యొక్క క్లెయిమును తీసికొని, దానిని భాగములుగా విడదీసి, ఏ భాగము పాతదో, ఏ భాగము క్రొత్తదో విద్యార్థులచే వ్రాయింపవలెను. తమ పరికరములకు కూడ ఇదే ప్రశ్న వేసికొనుట అలవాటైనచో, ప్రదర్శనకు సిద్ధమగుటకు ముందే తమ పనిలో క్రొత్తదనము ఎచ్చట ఉన్నదో వారికి తెలిసిపోవును.