గాలి కొట్టు, ఫోన్ కొట్టు... చైనీస్ పట్టు!

చైనీస్‌లోని ఓ కొరకరాని క్రియకు చైతన్యపురి సందే పెద్దబాలశిక్ష

చైతన్యపురి మెట్రో స్టేషన్ దిగి సందులోకి తిరిగితే పంక్చర్ షాపు. ‘‘అన్నా, జర గాలి కొట్టు’’ అంటూ ఓ కుర్రాడు బండి ఆపాడు. టైరు బిగుస్తుండగానే ఫోన్ తీసి, ‘‘రేయ్, బస్సెక్కగానే ఫోన్ కొట్టు’’ అని స్నేహితుడికి చెప్పాడు. పక్క డీటీపీ సెంటర్‌లో ఎవరిదో దరఖాస్తు టైపు కొడుతున్నారు.

ఈ మూడు పనులకూ చైనీస్‌లో ఒకటే క్రియ: ‘తా’. అసలు అర్థం కొట్టడమే. చైనీస్ మొదలుపెట్టిన కొత్తలో దీని దగ్గరే ఆగిపోయాను. ఇంగ్లిష్ నిఘంటువు చూస్తే పొంతన లేని అర్థాలు బోలెడు. బట్టీ పట్టినవి వారానికే మరిచిపోయేదాన్ని. తెలుగులో ఆలోచించాకే ముడి విడింది.

ఐదు గీతల అక్షరం

‘తా’ను రాసే అక్షరంలో ఎడమవైపు మూడు గీతలు చేతికి గుర్తు. కుడివైపు రెండు గీతలు ఉచ్చారణ కోసం చేరినవి. ఇంగ్లిష్ లిపిలో ‘డి’తో రాసినా, పలికేది మన ‘త’కు దగ్గరగా ఉంటుంది. ఒత్తు లేని ‘త’, ఒత్తున్న ‘థ’ వేరని ఓనమాలతోనే నేర్చుకున్నాం. చైనీస్‌కు కావలసిన తేడా అదే. ఇక గొంతును కిందికి దించి పైకి లేపడం సాధన చేయాలి.

వరస తిరగేస్తే...

పగలగొట్టు, ఓడగొట్టు, పడగొట్టు: తెలుగులో ఫలితం ముందు, కొట్టడం తర్వాత. చైనీస్‌లో కొట్టడం ముందు, ఫలితం తర్వాత. ‘తాపో’ అంటే పగలగొట్టడం. గిన్నె పగలగొట్టినా, రికార్డు బద్దలు కొట్టినా అదే మాట.

అన్నిచోట్లా ఈ పోలిక నడవదు. మనం డప్పు కొడితే పొగడ్త. వాళ్ల మనసులో డప్పు మోగితే గుబులు. మనం సూది వేస్తాం, గొడుగు పడతాం, స్వెట్టర్ అల్లుతాం. అవన్నీ వాళ్లకు ‘తా’నే. ఎంబీబీఎస్‌కు చైనా వెళ్లిన మన పిల్లలకు ఈ తేడాలు తెలుసుకోక తప్పదు. పాఠం ఇంగ్లిష్‌లో విన్నా, వార్డులో రోగి మాట్లాడేది చైనీస్. ఇక్కడే నేర్చుకోవాలనుకునేవారికి తార్నాకలోని ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో చైనీస్ బోధన ఉంది. ఎక్కడ నేర్చినా, కొత్త భాషను ఇంగ్లిష్ గుమ్మంలోంచే చూడనక్కర్లేదు. ఇంటి భాష తలుపు తీసి చూడండి.

గాలి కొట్టడానికి చైనీస్‌లో ఇంకో అర్థం ఉంది: డీలాపడిన మనిషికి ధైర్యం చెప్పడం. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదుల్లో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలకు రాత్రిపూట అమ్మ దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది. ‘‘తిన్నావా? ఏం కాదులే, చదువుకో’’ అంటుంది. ఆమె ఫోన్ చేయడమూ ‘తా’నే, ధైర్యం చెప్పడమూ ‘తా’నే.