రెండు హీటర్లు, ఒకే స్విచ్

1800లో విలియం హెర్షెల్ ఎండను పట్టకంతో రంగులుగా విడదీసి, ఎరుపుకు అవతల, కంటికేమీ కనిపించని చోట థర్మామీటర్ పెట్టాడు. రంగులున్న చోటకంటే అక్కడే వేడి ఎక్కువ తేలింది. చలిదేశాల్లో హోటళ్ల ఆరుబయట కూర్చున్నవాళ్లను ఇప్పుడు వెచ్చగా ఉంచుతున్నది ఆ పరారుణ కిరణాలే. వాటిని పుట్టించడానికి తగిన తీగకు 1906లో అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ పేటెంట్ పొందాడు. నికెల్, క్రోమియం కలిసిన ఆ నిక్రోమ్ ఎర్రగా కాలినా త్వరగా పాడవదు. దాని నిరోధం కూడా పెద్దగా మారదు.

గదిలో హీటరుకు థర్మోస్టాట్ చాలు. గాలి వెచ్చబడగానే కరెంటు ఆపేస్తుంది. ఆరుబయట దాని పప్పులుడకవు. అక్కడ కిరణాల వేడి నేరుగా మనుషులకు, బల్లలకు తగులుతుంది. కాస్తో కూస్తో వేడెక్కిన గాలిని ఈదురుగాలి పట్టుకుపోతుంది. అందుకే ఆరుబయట పెత్తనమంతా స్విచ్‌లదే.

అమెరికాలో ఒక చక్కటి ఏర్పాటు ఉంది. 240 వోల్టుల హీటర్లు రెండింటికి కలిపి ఒకే స్విచ్ పెడతారు. 'హై'లో రెండూ ప్యారలల్, ఒక్కోదానికి పూర్తి 240 వోల్టులు. 'లో'కు తిప్పితే రెండూ సిరీస్, ఒక్కోదానికి 120. వోల్టేజి సగమైతే కరెంటూ సగమవుతుంది కాబట్టి ఖర్చయ్యేది నాలుగోవంతే. 2,000 వాట్ల హీటరు 500 వాట్లకు దిగుతుంది. ఏ ఎలక్ట్రానిక్స్ అక్కర్లేదు. నిక్రోమ్ నిరోధం నిలకడగా ఉండబట్టే ఈ లెక్క కుదురుతుంది. ఒక్కటే చిక్కు: 'లో'లో ఉండగా ఒకదాని తీగ తెగితే రెండోదీ ఆరిపోతుంది.

ఈ రెండూ 'హై'లో ఉంటే దాదాపు 17 ఆంపియర్లు లాగుతాయి. స్విచ్ మెల్లగా తీస్తే పలకల మధ్య మెరుపు లేచి అవి కాలిపోతాయి. ఇలాంటి బెడదకు 1884లోనే ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో జాన్ హెన్రీ హోమ్స్ విరుగుడు కనిపెట్టాడు. చెయ్యి ఎంత నిదానంగా కదిలినా, స్ప్రింగు పలకలను చటుక్కున విడదీస్తుంది. హీటర్లు ఇంకా పెరిగితే కాంటాక్టర్ వస్తుంది: గోడమీది స్విచ్ చిన్న కాయిల్‌కు కరెంటిస్తే, అది అయస్కాంతమై లోపలి పెద్ద పలకలను కలుపుతుంది.

ఇక మిగిలిన దుబారా ఖాళీ కుర్చీల మీద వెలిగే హీటరు. అందుకే చాలాచోట్ల టైమరు కూడా బిగిస్తారు. గడువు ముగిశాక ఎవరో ఒకరు మళ్లీ నొక్కితేనే హీటరు వెలుగుతుంది.