పెంటియము ప్రాసెసరు - దాని భాగహారము

గణకయంత్రములో లెక్కలన్నియు జరుగు చోటు ప్రాసెసరు. అమెరికా దేశపు ఇంటెల్ కంపెనీవారు 1993వ సంవత్సరము మార్చి నెలలో పెంటియము అను ప్రాసెసరును వెలువరించిరి. దాని నిర్మాణమును, అందు బయల్పడిన యొక దోషమును విద్యార్థులకు తెలుపగోరుచున్నాము.

సుమారు 17 మిల్లీమీటర్ల పొడవు, అంతే వెడల్పుగల సిలికాను బిళ్ళపై 31 లక్షల ట్రాన్సిస్టరులు అమర్పబడెను. మొదట వచ్చినవి సెకనునకు 6 కోట్లు గాని, 6 కోట్ల 60 లక్షలు గాని స్పందనములు గలవి. దీనికి ముందటిదగు 486 ప్రాసెసరులో ఆజ్ఞలు ఒకే వరుసలో నడచెడివి. పెంటియములో రెండు వరుసలుండుటచే, సులభమైన ఆజ్ఞలు రెండు ఒకే స్పందనములో నెరవేరగలవు. ఆజ్ఞలకొకటి, అంకెలకొకటి చొప్పున 8 కిలోబైట్ల క్యాష్‌లు రెండు చేరువనే యుండెను.

ఇక భాగహారము. మనము భాగించునపుడు భాగఫలమున ఒక్కొక్క అంకెను ఊహించి వేయుదుము. యంత్రమును అట్లే చేయును. కాని దానికి 0, 1 అను అంకెలే గలవు. 486 ఒక్కొక్క స్పందనమునకు ఒక్క స్థానమునే తేల్చెడిది. పెంటియము లోపలి పట్టికను చూచి రెండేసి స్థానములు తేల్చెను. వెయ్యికి పైబడిన గడులుగల ఆ పట్టికలో, 2 ఉండవలసిన అయిదు గడులలో 0 ఉండుటచే దోషము పుట్టినది.

వర్జీనియాలోని లించ్‌బర్గ్ కళాశాలలో గణితాచార్యులైన థామస్ నైస్లీగారు 1994లో జంట ప్రధాన సంఖ్యలను గూర్చి లెక్కించుచు దీనిని కనిపెట్టిరి. పిమ్మట ఇతరులు చూపిన ఉదాహరణ యిది: 4195835ను 3145727చే భాగించిన 1.33382 రావలెను, పెంటియములో 1.33373 వచ్చెను. ఆ ఫలమును మరల భాజకముచే గుణించి, భాజ్యమునుండి తీసివేసిన శేషము 0 కావలసియుండగా 256 వచ్చెను.

900 కోట్ల భాగహారములలో ఒక్కటి మాత్రమే తప్పగునని కంపెనీవారు మొదట సమాధానము చెప్పిరి. అవసరము నిరూపించినవారికే ప్రాసెసరు మార్తుమనిరి. జనులు సమ్మతింపలేదు. ఏ లెక్క తప్పునో తెలియనపుడు అన్ని లెక్కలను శంకింపవలసియుండును గదా! తుదకు 1994 డిసెంబరు 20వ తేదీన, అడిగినవారికెల్ల మార్చి యిత్తుమని ప్రకటించిరి. అందుకై 47 కోట్ల 50 లక్షల డాలర్లు లెక్కకట్టిరి.

వేగము మెచ్చదగినదే, కాని సరిచూచుట దానికన్న ముఖ్యము. భాగహారము ముగిసినపిదప గుణించి చూడుడని మేము తరగతిలో చెప్పు మాట, 31 లక్షల ట్రాన్సిస్టరులుగల యంత్రమునకును చెల్లినది.