పక్కవాద్యం వాయించే కంప్యూటర్

యారాడ ఒడ్డున ఇసుకలో కూచుని పాడుకునే వాడికి పక్కవాద్యం కావాలంటే ఒకప్పుడు ఘాట్ రోడ్డు ఎక్కి దిగి, పట్నం నుంచి మనిషిని తీసుకురావాలి. ఇప్పుడా బాధ లేదు. ఒళ్లో కంప్యూటర్ ఉంటే చాలు, దరువు సిద్ధం! అయితే ఆ వాయించేది ఎవరు?

1980లో రోజర్ లిన్ చేసిన ఎల్‌ఎమ్-1 యంత్రంలో నిజమైన డ్రమ్ముల చప్పుళ్లను విడివిడిగా రికార్డు చేసి దాచారు. 1983లో మిడి పద్ధతి వచ్చింది. ఏ దెబ్బ, ఎప్పుడు, ఎంత గట్టిగా అన్న సమాచారమే అందులో ఉంటుంది, ధ్వని ఉండదు. 'బ్యాండ్ ఇన్ ఎ బాక్స్' వంటి సాఫ్ట్‌వేర్ మొదట ఈ పద్ధతిలోనే నడిచి, తరువాత వాద్యగాడు ఏకబిగిన వాయించిన వాయింపునే ముక్కలుగా వాడుకోవడం మొదలెట్టింది. అందుకే అందులో చేతివాటం, ఊపు వినిపిస్తాయి.

ఇక్కడే ఓ చిక్కుంది. నిమిషానికి 100 దెబ్బల వేగంలో ఒక్కో దెబ్బకు 0.6 సెకండ్లు. దాన్ని 60కి తగ్గిస్తే దెబ్బకు ఒక సెకండు. కంప్యూటర్ సాగదీయగలదు గాని, దెబ్బలోని పదును చెదిరిపోతుంది. పైగా నెమ్మదిగా వాయించేటప్పుడు మనిషి వేళ్లు వేరే విధంగా నడుస్తాయి. కనుక ఒకే దరువును పలు వేగాల్లో రికార్డు చేయాలి. అలాగే నాలుగు లెక్కకు వాయించినది ఏడు లెక్కల మిశ్రచాపుకు అతకదు. దానికది వేరుగా వాయించాల్సిందే.

మరి వాయించినవాడి మాటేమిటి? 1969లో అమెరికాలో గ్రెగరీ కోల్‌మన్ వాయించిన ఏడు సెకండ్ల పాటి డ్రమ్ముల ముక్కను తరువాత వేలాది పాటల్లో వాడుకున్నారు. 2006లో చనిపోయేదాకా ఆ వాడకానికి ఆయనకు పైసా రాలేదు! మన దేశంలో 1994లో కాపీరైటు చట్టాన్ని సవరించి ప్రదర్శకులకు హక్కులిచ్చారు. 2012 సవరణ వాటిని మరింత బలపరచింది. చట్టం ఉన్నా, అడిగేవాడుంటేనే గదా ఫలితం!

మన ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్లు ఉన్నాయి. గుండెలకు కట్టిన వాద్యాన్ని రెండు చేతులా వాయిస్తూ, గంతులు వేస్తూ పాడే కళ అది. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని మన కళాశాల విద్యార్థులే తలపెట్టవచ్చు. మైకు పెట్టేముందు కళాకారుడి అనుమతి, రికార్డు మీద ఆయన పేరు, చేతికి తగిన ప్రతిఫలం – ఈ మూడూ మరవకూడదు. పెట్టెలోంచి వినిపించినా, ఆ దరువు ఒక మనిషి కష్టార్జితమే!